చులకన: బరువు తీసేసే మాట



ఈ రోజు ఒకే ఒక్క మాట గురించి మాట్లాడుకుందాం. ఆ మాట చులకన.

తమిళనాట మన ధర్మపురిలో, పాలక్కోడులో, పెన్నాగరంలో, హరూరులో తెలుగు మాట్లాడే ఇళ్ళల్లో ఇది తెలియనివాళ్ళు లేరు. "నన్ను చులకన చేశాడు" అంటాం. "నలుగురిలో చులకనైపోయాను" అని బాధపడతాం. "నేనంటే అంత చులకనా?" అని నిలదీస్తాం. మాట తెలుసు, నొప్పి కూడా తెలుసు. అయినా ఒకచోట పొరపడుతుంటాం. చులకనను పొగరుతో కలిపేస్తాం. పొగరు ఉన్నవాడే ఎదుటివాణ్ణి చులకన చేస్తాడని అనుకుంటాం. అందుకే, మనకు పొగరు లేదు కాబట్టి మనం ఎవరినీ చులకన చేయమని కూడా అనుకుంటాం. అది నిజం కాదు. మంచివాళ్ళు కూడా చులకన చేస్తారు. మెత్తగా మాట్లాడేవాళ్ళు కూడా చేస్తారు. ప్రేమ ఉన్న ఇళ్ళల్లోనే ఎక్కువ చేస్తారు. ఈ రోజు చెప్పదలచుకున్నది ఇదే.

ముందు మాట దగ్గరికి వద్దాం. చులక అంటే తేలిక. బరువు లేనిది. పాత తెలుగులో చులుకన అంటే తేలికదనమే. అందులో తిట్టు లేదు. ఎండిన గడ్డిమోపు చులకన. ఒక పనిని అవలీలగా చేస్తే చులకనగా చేశాడు అనేవాళ్ళు. అదే మాట మనిషి మీదికి వచ్చేసరికి నొప్పిగా మారింది. ఎందుకంటే మనిషికి బరువు లేదు అనడం చిన్న విషయం కాదు.

దీనికి ఎదురుమాట ఏమిటో చూడండి. గౌరవం. గురు అనే మాటలోంచి వచ్చింది. గురు అంటే బరువైనది. బడిలో పద్యాలకు గణాలు కట్టినవాళ్ళకు గురువు, లఘువు గుర్తుండే ఉంటాయి. ఒకటి బరువు, ఒకటి తేలిక. కాబట్టి గౌరవించడం అంటే కాళ్ళకు దండం పెట్టడం కాదు. ఎదుటి మనిషికి బరువు ఉందని ఒప్పుకోవడం. చులకన చేయడం అంటే ఆ బరువును తీసేయడం. అంతే. కోపం అక్కర్లేదు. అరవక్కర్లేదు. బరువు తీసేస్తే చాలు.

మన భాషలో ఈ భావానికి ఉన్న మాటలు చాలా ఇలాంటివే. పూచికపుల్లలా తీసిపారేశాడు అంటాం. గడ్డిపోచకింద లెక్కకట్టాడు అంటాం. చదువుకున్నవాళ్ళు తృణీకరించాడు అంటారు. తృణం అంటే అదే గడ్డిపోచ. గట్టిగా ఊదితే ఎగిరిపోయేవే అన్నీ. తమిళంలో ఇళక్కారం అంటారు. అది వింటే ఇళగడం గుర్తొస్తుంది, అంటే మెత్తబడటం, సడలిపోవడం. మనవాళ్ళూ అన్నారు కదా, మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని. ఒక భాషకు తేలికదనం తట్టింది. ఇంకో భాషకు మెత్తదనం తట్టింది. రెండూ మన వీధిలోనే వినిపిస్తాయి.

ఇప్పుడు పొగరు సంగతి. పొగరు వేరు. పొగరు అంటే మనిషి తన గురించి తాను అనుకునేది. చులకన అంటే ఎదుటివాడి గురించి అనుకునేది. మరోసారి చెబుతాను. పొగరు తన గురించి. చులకన ఎదుటివాడి గురించి.

పొగరుకు మనకు ఎన్ని మాటలో! కావరం, టెక్కు, గీర, బిర్రు, తలబిరుసు, మిడిసిపాటు. ఒళ్ళు కొవ్వెక్కింది అంటాం. కళ్ళు నెత్తికెక్కాయి అంటాం. అన్నీ ఆ మనిషి ఒంట్లోనే జరిగేవి. ఒకడు తన పని గురించి గట్టిగా గర్వపడుతూ, పక్కవాడి పనికి చేతులెత్తి మొక్కగలడు. అలాంటి వడ్రంగులూ అలాంటి రైతులూ మనకు తెలుసు. "నా చేతిపనికి తిరుగులేదు" అంటాడు. ఆ వెంటనే "కానీ ఆ పని అతనే చేయాలి, నావల్ల కాదు" అంటాడు. పొగరు ఉంది. చులకన లేదు.

ఇంకో సంగతి గమనించండి. పొగరు ఉన్నవాడికి తెలుగు ఒక పేరు పెట్టింది. పొగరుబోతు. మరి చులకన చేసేవాడికి? చులకనబోతు అనే మాట లేదు. ఆ పని చేసేవాడికి పేరే లేదు. ఎవరు చేస్తారో వేలు పెట్టి చూపించలేం కాబట్టేమో. ఈ పూట మామ చేస్తాడు, రేపు కోడలు చేస్తుంది. ఈ పూట పంతులుగారు, రేపు పిల్లలు. "నేను పొగరుబోతునే" అని చెప్పుకునేవాళ్ళు దొరుకుతారు. "నేను చులకన చేస్తాను" అని చెప్పుకునేవాడు దొరకడు. ఆ మాట ఎప్పుడూ పడినవాడి నోటినుంచే వస్తుంది.

మనవైపు తెలుగులో తిమురు అనే మాట కూడా కలిసిపోయింది. తమిళం నుంచి వచ్చింది. "వాడికి తిమురు ఎక్కువ" అంటాం. తమిళంలో తిమిర్ అంటే పొగరు. మొద్దుబారడం అని కూడా అర్థం ఉంది. తెలుగులో ఉన్న తిమ్మిరి దానికి చుట్టమే. చాలాసేపు బాసిపట్లు వేసుకుని కూర్చుని లేచామనుకోండి. కాలు తిమ్మిరెక్కుతుంది. ఆ కాలి కింద ఏముందో తెలియదు. పసిపిల్ల వేలు ఉన్నా తెలియదు. ఆ కాలికి ఎవరి మీదా కోపం లేదు. కానీ తొక్కేస్తుంది. చులకన అచ్చంగా అలాంటిది.

మంచివాళ్ళు కూడా చులకన చేస్తారు అన్నాను. దానికి సాక్ష్యం మన ధర్మపురిలోనే ఉంది. రెండు వేల ఏళ్ళ కిందటి సాక్ష్యం.

ఈ ఊరి పాత పేరు తగడూరు. తగడూరును ఏలినవాడు అదియమాన్ నెడుమాన్ అంజి. అతని పేరుమీదే సేలం దారిలో అదియమాన్‌కోట ఉంది. ఇతను ఉత్త కథలో మనిషి కాదు. జంబై అనే ఊళ్ళో ఒక కొండగుహలో తమిళ బ్రాహ్మీ లిపిలో శాసనం 1981లో బయటపడింది. ఆ గుహను బసగా చేసి ఇచ్చింది సతియపుత్ర అదియన్ నెడుమాన్ అంజి అని అందులో ఉంది. సతియపుత్రుల పేరు అశోకుడి శాసనాల్లోనూ వస్తుంది.

అదియమాన్ అనగానే మనకు గుర్తొచ్చేది ఉసిరికాయ. కొండ చీలికలో, అందరాని చోట కాసిన కాయ. తింటే ఆయుష్షు పెరుగుతుందట. తాను తినలేదు. కవయిత్రి అవ్వయారుకు ఇచ్చాడు. ఆ సంగతి కూడా ఆమెకు చెప్పకుండా ఇచ్చాడు. తమిళులు గొప్ప దాతలుగా చెప్పుకునే ఏడుగురిలో అతనొకడు. ఇంతకన్నా మంచి మనిషి ఎక్కడ దొరుకుతాడు?

అతని చుట్టూ నడిచిన మూడు సందర్భాలు పాత తమిళ పద్యాల సంకలనం పురనానూరులో ఉన్నాయి. పద్యాలు పాడి వినిపించడం లేదు. సంగతులు మాత్రం చెబుతాను.

మొదటిది. కంచి రాజు తొండైమానుకూ అదియమానుకూ పడటం లేదు. అదియమాన్ అవ్వయారును రాయబారిగా పంపాడు. తొండైమాన్ ఆమెను తన ఆయుధశాలకు తీసుకెళ్ళి చూపించాడు. నెయ్యి పూసి తళతళలాడే ఆయుధాలు. నెమలి ఈకలు కట్టి, దండలు వేసి, కాపలాతో పెట్టినవి. నాకు ఎంత బలం ఉందో చూడు అని చెప్పడమే అది. ఇది పొగరు. అవ్వయారు వాటిని మెచ్చుకుంది. మెచ్చుకుంటూనే, మా రాజు ఆయుధాలు మాత్రం మొనలు విరిగి కమ్మరి కొట్టంలో పడి ఉంటాయని చెప్పింది. రోజూ యుద్ధంలో వాడేవాడి ఆయుధాలు ఎలా ఉంటాయో అర్థం చేసుకోమంది. తొండైమాన్ ఆమెను తక్కువ చేయలేదు. పిలిచాడు, తోడు నడిచాడు, దగ్గరుండి చూపించాడు. తనను తాను ఎక్కువ చేసుకున్నాడు, అంతే.

రెండోది. ఇది అదియమాన్ వాకిట్లోనే జరిగింది. అవ్వయారు కానుక కోసం వచ్చింది. కానుక ఇవ్వడం ఆలస్యమైంది. తిట్టారా? లేదు. పొమ్మన్నారా? అదీ లేదు. ఆలస్యమైంది, అంతే. ఆమె రాజుతో మాట్లాడలేదు. వాకిలి కాచేవాడితో మాట్లాడింది. అడగవచ్చినవాళ్ళకు ఈ తలుపు ఎప్పుడూ మూసి ఉండదని ముందు పొగిడింది. ఆ తర్వాత అడిగింది. మీ రాజుకు తన విలువ తెలియదా, లేక నా విలువ తెలియదా అని. లోకంలో తెలిసినవాళ్ళు అంతా చచ్చిపోలేదు, లోకం గొడ్డుపోలేదు అంది. చేతిలో విద్య ఉన్నవాళ్ళకు ఏ దిక్కుకు పోయినా కూడు దొరుకుతుందన్న ధైర్యంతో మూట సర్దుకోబోయింది.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. పెరుంజిత్తిరనార్ అనే కవి. బీదవాడు. కొండలు దాటి అదియమాన్ దగ్గరికి వచ్చాడు. అదియమాన్ కానుక ఇచ్చాడు. ఇవ్వలేదని కాదు. కానీ కవిని చూడకుండా లోపలి నుంచే పంపించాడు. ఇది తీసుకుని వెళ్ళమను అని చెప్పించాడు. కవి ఆ కానుక తీసుకోలేదు. చూడకుండా ఇచ్చిన సొమ్ము తీసుకోవడానికి నేను కవిత్వంతో బేరం చేసేవాణ్ణి కాదన్నాడు. మనిషిని ఎరిగి, ఆదరించి, కొర్రగింజంత ఇచ్చినా అదే తీపి అన్నాడు.

కొర్రగింజంత. ఈ నేలలో పండే కొర్ర. ఆకలితో ఉన్న మనిషి అన్న మాట ఇది.

అదియమాన్ చేసిన తప్పు ఏమిటి? పిసినారితనం కాదు. పొగరు కాదు. చూడలేదు. ఏ పనిలో ఉన్నాడో ఏమో. ఇవ్వాల్సింది ఇచ్చేశాను కదా, ఇంకేం కావాలి అనుకుని ఉండవచ్చు. మనమూ రోజూ అలాగే అనుకుంటాం. ముసలి తండ్రికి నెలనెలా డబ్బు పంపిస్తాం, ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడం. పనిమనిషి చేతిలో జీతం పెడతాం, కళ్ళు సెల్‌ఫోన్ మీద ఉంటాయి. ఇచ్చాం కదా! ఇచ్చాం. చూడలేదు.

అందుకే తెలుగు చిన్నచూపు అంది. చిన్న మాట అనలేదు, చిన్న పని అనలేదు. చూపు అంది. నిర్లక్ష్యం, అలక్ష్యం అనే మాటల్లో ఉన్న లక్ష్యం కూడా చూపు నిలపాల్సిన చోటే. చూపు అక్కడ నిలవకపోతే అలక్ష్యం. మళ్ళీ చెబుతాను. చులకన నోటితోనే మొదలవ్వాలని లేదు. ఎక్కువగా కళ్ళ దగ్గర మొదలవుతుంది.

అవ్వయారు బాధ ఆలస్యం గురించి అన్నాను. ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. తాత్సారం. మన తెలుగులో ఈ రోజుల్లో తాత్సారం అంటే ఆలస్యం చేయడం, కాలం సాగదీయడం. "అర్జీ పెట్టి ఆరు నెలలైంది, తాత్సారం చేస్తున్నారు" అంటాం. ఇదే మాట మన పక్కనే కన్నడం మాట్లాడే ఇంట్లో అడగండి. తాత్సార అంటే చులకన, లెక్కలేనితనం అంటారు. ఒకే మాట. ఒక ఇంట్లో ఆలస్యం, పక్కింట్లో చులకన. నాకు దీంట్లో పెద్ద సత్యం కనిపిస్తుంది. సిత్తేరి కొండల మీది నుంచి ఒక మనిషి కాగితం పట్టుకుని తాలూకా కచేరీకి వస్తాడు. ఒక రోజు కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీ పెట్టుకుని వస్తాడు. తల ఎత్తకుండా "రేపు రా" అంటారు. అన్నవాడికి అది ఒక రోజు ఆలస్యం. విన్నవాడికి అది తన రోజుకు బరువు లేదని చెప్పడం. అవ్వయారుకు ఆ రెండో అర్థమే తగిలింది.

ఇప్పుడు ఇంట్లోకి వద్దాం. ఇంట్లో చులకన చాలా చిన్న చిన్న అక్షరాల్లో దాగి ఉంటుంది. ఒకటి చెబుతాను. లే.

"నీకు తెలీదులే." "చూశాంలే." "చెప్పొచ్చావులే." "నీవల్ల కాదులే."

ఈ లే తీసేసి చూడండి. నీకు తెలీదు అంటే అది ఒక సంగతి. వాదించవచ్చు, తెలుసు అని చెప్పవచ్చు. నీకు తెలీదులే అంటే మాట ముగిసిపోయింది. తలుపు పడిపోయింది. అవ్వ బ్యాంకు పాసుబుక్కు పట్టుకుని మనవణ్ణి అడుగుతుంది, ఇదేమిటి నాయనా అని. "నీకు అర్థం కాదులే అవ్వా" అంటాడు మనవడు. వాడికి అవ్వంటే ప్రాణం. పొగరు లేదు. గొంతు కూడా మెత్తగానే ఉంటుంది. కానీ ఆ పూట అవ్వ బరువు తగ్గిపోయింది. పది ఎకరాల సేద్యం లెక్క నోటితో చెప్పిన మనిషి ఆమె.

ఇదే లే ఓదార్పు కూడా అవుతుందండోయ్. "వస్తాడులే, దిగులు పడకు." "పర్వాలేదులే." అది వేరే లే. అక్షరం ఒకటే. దాన్ని పలికేటప్పుడు మన ముఖం ఎటు ఉందన్నదే తేడా.

ఇంకో అక్షరం గి. "పాటా గీటా ఏం వద్దు." "చదువూ గిదువూ చాలు, ఇంట్లో పని చూడు." మాటకు జంటగా గి చేర్చి పలుకుతాం. టీ గీ తాగుదామా అంటే అందులో స్నేహం ఉంది. కానీ ఒక ఆడపిల్ల ఆశగా సంగీతం నేర్చుకుంటాను అంటే, సంగీతం గింగీతం ఏమిటి అన్నామనుకోండి. ఆ ఒక్క గి ఆ ఆశను పూచికపుల్ల చేస్తుంది. ఈ అలవాటు తమిళంలో ఉంది, కన్నడంలో ఉంది, తెలుగులో ఉంది. తమిళులూ మనమూ పులి గిలి అంటాం, కన్నడంవాళ్ళు హులి గిలి అంటారు. దీంట్లో మాత్రం ఎవరమూ తక్కువ కాదు.

మూడోది, మనుషులను చెప్పుకునే మాటలు. తెలుగులో మగవాణ్ణి వాడు అనవచ్చు, అతను అనవచ్చు, ఆయన అనవచ్చు, వారు అనవచ్చు. ఒక్కో మెట్టుకు బరువు పెరుగుతుంది. ఆడమనిషి విషయంలో కింది మెట్టు ఇంకా కిందికి ఉంది. అది. వస్తువుకూ పశువుకూ వాడే మాట. స్నేహితురాళ్ళు ఒకరినొకరు అది ఇది అనుకుంటే అది చనువు. కానీ కొట్టు యజమాని తన దగ్గర ఇరవై ఏళ్ళుగా పనిచేసే ఆమె గురించి బయటివాళ్ళ ముందు "అది చూసుకుంటుంది" అంటాడు. ఎదుటివాడికి ఆమె బరువెంతో ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. అక్క చూసుకుంటుంది అనడానికి ఖర్చేమీ లేదు.

ఇక మన జిల్లా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా ఉండలేను. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో చాలా ఊళ్ళ బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్ళు తాగి పెరిగిన పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడ్డాయి. ఇక్కడి పిల్లలు బెంగళూరుకో తిరుప్పూరుకో పనికి పోతే, పళ్ళు తోముకోరా అని నవ్వినవాళ్ళున్నారు. నోరు మూసుకుని నవ్వడం నేర్చుకున్న ఆడపిల్లలున్నారు. తప్పు పిల్లలది కాదు, నీళ్ళది. జపాన్ సాయంతో హొగెనకల్ కావేరి నీళ్ళ పథకం కట్టి, 2013లో మొదలుపెట్టారు. దాని పేరులోనే ఫ్లోరోసిస్ నివారణ అని ఉంది. నీళ్ళు మారాయి. కానీ పడ్డ మరక పళ్ళ మీద అలాగే ఉంటుంది. కాబట్టి ముప్పై, నలభై ఏళ్ళ మనిషి ఎవరైనా చేయి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే, చూపు పళ్ళ మీదికి కాదు, కళ్ళ మీదికి పోనివ్వండి.

తిండినీ ఇలాగే చులకన చేశాం. మనది రాగులు, సామలు, కొర్రలు పండే నేల. ఒకప్పుడు చుట్టాలొస్తే రాగిసంకటి కుండను దాచేవాళ్ళు. వరన్నం తింటేనే మర్యాద అనుకునేవాళ్ళు. సంకటి తినేవాళ్ళంటే చులకన. తర్వాత ఏమైంది? మన దేశం ముందుకొచ్చి అడిగితే, ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఇప్పుడు సామలు అందమైన పొట్లాల్లో వరిబియ్యం కన్నా ఎక్కువ ధరకు అమ్ముడవుతున్నాయి. గింజ మారలేదు. చూసే కన్ను మారింది. మన అవ్వలు ఆ గింజను వదలకుండా సాగుచేశారు కాబట్టి ఈ రోజు దొరుకుతోంది. వాళ్ళకు ఆ మాట చెప్పినవాళ్ళు మాత్రం తక్కువ.

తిండి తర్వాత మాట. ఇక్కడి తెలుగు వినగానే ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు కొందరు నవ్వుతారు. అరవం కలిసిన తెలుగు అంటారు. దానికన్నా నాకు బాధ కలిగించేది ఇంకోటి ఉంది. మనమే "మాది మంచి తెలుగు కాదండీ" అని ముందే చెప్పేస్తాం. చులకన చాలా కాలం పడితే అది లోపలికి దిగుతుంది. పడినవాడే తనను తాను తేలిక చేసుకోవడం మొదలుపెడతాడు. పిల్లలు బయట అవ్వతో తెలుగులో మాట్లాడటానికి సిగ్గుపడేది అందుకే.

కి. రాజనారాయణన్ గారిని గుర్తుచేసుకుంటాను. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ ఊరివారు. ఇంటి భాష తెలుగు. రాసింది తమిళంలో. తెలుగు గడ్డ నుంచి వలస వచ్చినవాళ్ళ కథ చెప్పే గోపల్లపురత్తు మక్కళ్ నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన చేసిన ఇంకో పని దీనికన్నా పెద్దది అని నా నమ్మకం. తన నల్లరేగడి సీమలో రైతులు మాట్లాడుకునే మాటలకు ఒక నిఘంటువు తయారుచేశారు. పండితులు పల్లెటూరి మాటలని పక్కన పెట్టేసినవాటిని ఒక్కొక్కటిగా ఏరి, అర్థం రాసి, అచ్చు వేయించారు. ఒక మాటకు నిఘంటువులో చోటు ఇవ్వడం అంటే దానికి బరువు ఉందని ఒప్పుకోవడమే. ధర్మపురి తెలుగుకు అలాంటి పని ఎవరైనా చేయాలి. పెద్ద చదువు అక్కర్లేదు. ఒక నోటుబుక్కు, అవ్వ పక్కన కూర్చునే ఓపిక ఉంటే మొదలుపెట్టవచ్చు.

మరి మనల్ని ఎవరైనా చులకన చేస్తే ఏం చేయాలి? తిరిగి చులకన చేయడం సులువు. "నువ్వెంత, నీ బతుకెంత" అనేయవచ్చు. దానివల్ల ఇద్దరి బరువూ తగ్గుతుంది. అవ్వయారు అలా చేయలేదు. వాకిలి కాచేవాణ్ణి తిట్టలేదు. ఆ తలుపు మంచిదనే చెప్పింది. తన బరువు ఎంతో తానే పైకి చెప్పింది. అదియమాన్ యుద్ధంలో పోయినప్పుడు గుండె పగిలేలా ఏడ్చి పాడింది కూడా అవ్వయారే. అతను ఎంత పెట్టాడో, ఎలా పంచుకు తిన్నాడో తలచుకుంటూ పాడింది. బాధను దాచిపెట్టకుండా చెప్పిన చోట చుట్టరికం తెగిపోదు. లోపల దాచుకుని, మాట్లాడటం మానేసిన చోటే తెగుతుంది.

కాబట్టి చెప్పండి. కచేరీలో అయితే, "అయ్యా, ఒక్కసారి ఇటు చూసి చెప్పండి, ఏ కాగితం తక్కువైంది?" అని అడగండి. గొంతు పెంచక్కర్లేదు. ఇటు చూసి అన్న మాట మాత్రం వదలకండి. ఇంట్లో అయితే, "అంత తేలిగ్గా తీసేయొద్దు, చెబితే నాకూ అర్థమవుతుంది" అనండి. అవ్వలు ఈ మాట బాగా అనగలరు. అవ్వ మనవణ్ణి పిలిచి, "నాయనా, ఇట్లా కూచో. పాసుబుక్కులో ఈ గీత ఏందో, ఆ అంకె ఏందో నిదానంగా చెప్పు" అంటే, ఏ మనవడూ కాదనడు.

ఇక మనవళ్ళకు, మనవరాళ్ళకు, కొట్లో కూర్చునేవాళ్ళకు, కచేరీల్లో పనిచేసేవాళ్ళకు చెప్పేది ఒకటే. పని కుదరకపోతే కుదరదని చెప్పండి. అందులో తప్పులేదు. ఎందుకు కుదరదో, మళ్ళీ ఎప్పుడు రావాలో రెండు ముక్కల్లో చెప్పండి. చెప్పేటప్పుడు తల ఎత్తి, ఆ మనిషిని అక్కా అనో అన్నా అనో పెద్దాయనా అనో పిలిచి చెప్పండి.